మూతి తుపాకీ: గుండు గుండుకీ గొట్టం తుడవాలా, అక్కర్లేదా?

రాజోలోడు_టెక్సస్: మూతిలోంచి మందు దట్టించే రైఫిల్ కొన్నానండి, 50 క్యాలిబర్. మొదటి రెండు గుండ్లు పక్కపక్కనే పడుతున్నాయి. ఆ తర్వాత తలో దిక్కూ పోతున్నాయి, గొట్టంలోకి దిగడానికే మొరాయిస్తున్నాయి. కాల్పుల ప్రాక్టీసు చేసే రేంజిలో ఒకాయన ప్రతి గుండుకీ తుడవమంటాడు, ఇంకొకాయన మసి ఉంటేనే నిలకడ అంటాడు. మీరేమంటారు?

గౌతమి_గట్టు: అక్కర్లేదు. మా తాతగారికి పంట కాపలా లైసెన్సు తుపాకీ ఉండేది. రాత్రంతా లంకలో మొక్కజొన్న కాసేవారు. మధ్యలో గుడ్డ పెట్టడం నేనైతే చూళ్ళేదు. ఇంటికొచ్చి వేణ్ణీళ్ళు పోసి కడిగేవారు, అంతే.

కోటిపల్లి_రేవు: బాబాయ్ గారూ, తాతగారిది నున్న గొట్టం. ఈయనది లోపల గాళ్ళున్న రైఫిల్. తుపాకి మందు కాలాక సగానికి పైగా మసిగానే మిగులుతుంది. అది గాళ్ళలో పేరుకుంటే గుండు ఒకసారి వదులుగా, ఒకసారి బిగుతుగా కూర్చుంటుంది. ఇక గురి ఎక్కడుంటుంది? సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి గట్టిగా పిండండి. ఒకసారి దించి, తీసి, తిప్పి మళ్ళీ దించండి. తర్వాత పొడిగుడ్డ. గుడ్డ నీళ్ళోడుతుంటే మసి ముద్దై అడుక్కి దిగి నిప్పు రంధ్రం మూసేస్తుంది. నిప్పు పుట్టించే క్యాపు పేలుతుంది, లోపల మందు అంటుకోదు.

గౌతమి_గట్టు: 1849లో ఫ్రాన్సులో మినియే గుండు చేసిందెందుకు? మసిలో కూడా దిగాలనే కదా! సైన్యాలు గుడ్డలు పెట్టుకుంటూ యుద్ధాలు చేశాయా?

కోటిపల్లి_రేవు: ఆ గుండుని గొట్టం కంటే సన్నగా పోసేవారు. పేలినప్పుడు అడుగు విచ్చుకుని గాళ్ళని పట్టేది. సిపాయికి కావలసింది జోరు. ఈయనకి కావలసింది ఒకే చోట పడటం.

అమలాపురం_అబ్బులు: మన గాలికి మసి కూడా చెమ్మగిల్లి మెత్తగా ఉంటుంది. అక్కడి పొడి ఎండకి పెంకు కడుతుంది. ఇద్దరూ రైటే, పడుకోండి.

గౌతమి_గట్టు: తుడవడం గురించి నాకా చెప్తారు? ఎలక్షన్లకి స్టేషన్లో అప్పజెప్తే లోపలంతా తుప్పు పట్టించి ఇచ్చారు. మా నాన్న ఎంత రుద్దినా వదల్లేదు. రెన్యువల్‌కి తిప్పి తిప్పి చివరికి సరెండర్ చేయించారు. 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది, పంట కాపలాకి మూతి తుపాకీ అని!

కోటిపల్లి_రేవు: దానికీ దీనికీ ఏంటండీ సంబంధం? ఒక్కటి చెప్పండి. తాతగారు పందిని కొట్టడానికి కాల్చేవారా, బెదరగొట్టడానికా?

గౌతమి_గట్టు: బెదరగొట్టడానికే. గాల్లోకే. ఆ చప్పుడుతోనే మాకు గింజ దక్కింది. గురి మీకు సరదా.

కోటిపల్లి_రేవు: గాల్లోకి కాల్చేదానికి గుడ్డెందుకు మరి! పొద్దుట్నుంచి ఎందుకండీ ఈ గొడవ?

జొన్నాడ_శీను: గురి సంగతి అలా ఉంచండి. అడుగున నిప్పురవ్వ మిగిలుంటే తడిగుడ్డే ఆర్పుతుంది. తుడవకుండా దాని మీద మందు పోస్తే చెయ్యి పోతుంది.

రాజోలోడు_టెక్సస్: నాది రేంజి సరదా కాదండి. జింకల సీజన్‌కి. అక్కడ కాల్చేది ఒక్క గుండే.

కోటిపల్లి_రేవు: ఈ ముక్క ముందే చెప్పాలి కదా! అడవిలో ఆ ఒక్కటీ శుభ్రమైన గొట్టంలోంచే పోతుంది. కాబట్టి సైటు, అంటే గురి చూసే అమరిక, సరిచేసేటప్పుడు ప్రతి గుండుకీ తుడిచి అదే స్థితికి తేవాలి. మసి గొట్టంతో సైటు కట్టి, కడిగిన గొట్టంతో వేటకెళ్తే గుండు వేరేచోట పడొచ్చు. పెట్రోలియం నూనె ఏమాత్రం మిగలకూడదు, మసితో కలిసి తారవుతుంది.

గౌతమి_గట్టు: సరే నాయనా, మొదటిది తప్పిందే అనుకో. నువ్వు గుడ్డ పిండి, దించి, తీసి, తిప్పి, మళ్ళీ దించేదాకా ఆ జింక నిలబడుతుందా?