పాప వినికిడి మిషన్ ఈల వేస్తోంది, సైగలు చేయొచ్చా?

అమలాపురం దగ్గర ఊరండీ. పాపకి 14 నెలలు. బెరా టెస్టులో (శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతోందా అని చూసే పరీక్ష) రెండు చెవులకీ తీవ్ర లోపమని తేలింది. మిషన్ పెట్టగానే కీచుమని ఈల, పాప పీకేస్తోంది. సైగలు చేస్తే మాట రాదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు 1: ఈలకి కారణం ఎక్కువగా వదులైన ఇయర్‌మోల్డే, అంటే చెవి కొలతకి చేసి మిషన్‌కి తగిలించే అచ్చు. ఈ వయసులో చెవి త్వరగా పెరుగుతుంది, కొన్ని నెలలకోసారి కొత్త అచ్చు తీయించాలి. గుబిలి అడ్డుపడినా అంతే, ముందు అది చూపించండి. మన కోనసీమ ఉక్కకి ట్యూబులో నీటిబొట్టు చేరితే శబ్దం తెగిపోతుంది. రాత్రి బ్యాటరీ తీసి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి. బియ్యంలో వద్దు, దుమ్ము దూరుతుంది. బ్యాటరీ పాపకి అందనివ్వకండి, మింగితే ప్రాణాపాయం.

జవాబు 2: సైగలు మాటని ఆపవండీ. ఏ భాషా అందకుండా గడిచే నెలలే నష్టం. మెలకువగా ఉన్నంతసేపూ మిషన్ ఉండాలి. ఫ్యాను, టీవీ ఆపి, మీటరు లోపల ఎదురుగా కూర్చుని, పాప మీ మొహం చూశాకే "అదిగో పడవ" అని చూపిస్తూ చెప్పండి.

జవాబు 3: మిషన్‌తో లాభం కనబడకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) సంగతి ఇప్పుడే అడగండి. వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలో పుట్టుకతో వినపడని పిల్లలకి 5 ఏళ్ల లోపే చేస్తారు.