సమస్య: ఆరు రెట్లు చేయ నంకె లవియె

నిర్వాహకుడు, హనుమకొండ:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. ఆరింతలైన సంఖ్యలో పాత అంకెలే ఎలా ఉంటాయి? పూరించండి.

మిర్చి రైతు, నర్సంపేట:
మిర్చి నమ్మి వచ్చి మిగిలిన దెంచంగ
సున్న దక్కెఁ జేతఁ జూడు మన్న
అప్పు కట్టి రాగ నరచేయి వట్టిది
ఆరు రెట్లు చేయ నంకె లవియె

నిర్వాహకుడు:
అన్నా, చదివాక కాసేపు మాట రాలేదు. యతులన్నీ సరిపోయాయి. ఒకటే సందేహం: సున్న ఒక్కటే కదా, 'అంకెలు' అనే బహువచనం కుదురుతుందా?

మిర్చి రైతు:
ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన చీటీ ముందుంది సార్. చివరి గడిలో 0.00 అని ఉంది. అంకెలు మూడు.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను. పూరణ నిలిచింది.

డిగ్రీ విద్యార్థిని, ములుగు:
చంద్ర వేద నేత్ర సర్ప బాణ గిరుల
వరుస నిల్పినట్టి వాసి సంఖ్య
చోటు మారు గాని చుట్టముల్ వీడవు
ఆరు రెట్లు చేయ నంకె లవియె

చంద్రుడు 1, వేదాలు 4, నేత్రాలు 2, సర్పాలు 8, బాణాలు 5, గిరులు 7. నా సంఖ్య 142857. ఆరుతో గుణిస్తే 857142.

తెలుగు ఉపాధ్యాయురాలు, పరకాల:
అమ్మాయీ, 'సర్ప'తో ఎనిమిదిని తెచ్చి, చకారానికి సకారంతో యతి కలిపిన తీరు ముచ్చటగా ఉంది. 'చుట్టముల్ వీడవు' మరీ బాగుంది. కానీ భూతసంఖ్యలను, అంటే అంకెలకు బదులుగా వాడే ఇలాంటి పదాలను, కుడి నుంచి ఎడమకు చదవాలి. 'అంకానాం వామతో గతిః' అన్నారు. అలా చదివితే నీ పద్యంలో ఉన్నది 758241. దాన్ని ఆరుతో గుణిస్తే 4549446, చుట్టాలందరూ చెదిరిపోయారు! మొదటి పాదం తిరగరాయి.

విశ్రాంత గణితోపాధ్యాయుడు, కాజీపేట:
అదే సంఖ్యతో నా ప్రయత్నం.

నగము శరము గజము నయనమ్ము వేదము
చంద్రు డనుచుఁ జెప్ప సంఖ్య పుట్టె
గుడిని చుట్టునట్లు కుదురుగాఁ దిరుగును
ఆరు రెట్లు చేయ నంకె లవియె

ఒకటిని ఏడుతో భాగించి చూడండి. శేషాలు 1, 3, 2, 6, 4, 5 వరుసలో వచ్చి మళ్లీ ఒకటి దగ్గరికే చేరుతాయి; భాగఫలంలో 142857 పదే పదే వస్తుంది. శేషం ఆరు అయిన చోట లెక్క మొదలుపెడితే అది ఆరును ఏడుతో భాగించడమే. అందుకే అక్కడి నుంచి అవే అంకెలు 857142గా పడతాయి. మూడు రెట్లకు ఒక అడుగు (428571), రెండు రెట్లకు రెండడుగులు (285714), ఆరు రెట్లకు సరిగ్గా సగం ప్రదక్షిణ. నలభై ఏళ్లు నల్లబల్ల మీద ఈ భాగహారం చేశాను, ఆరు శేషం వచ్చిన చోట సుద్దముక్క ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది.

తెలుగు ఉపాధ్యాయురాలు:
మాస్టారూ, అంకెల వరుస సరిగ్గా ఉంది. 'తిరుగును' దగ్గర వాక్యం ముగిసింది కాబట్టి విసంధిని, అంటే తర్వాతి 'ఆరు'తో సంధి చేయకపోవడాన్ని, తప్పు పట్టను. 'కుదురుగా' మాత్రం యతి కోసం వచ్చినట్టుంది.

విశ్రాంత గణితోపాధ్యాయుడు:
లేదమ్మా. అంకెలు కలగాపులగం కావు, ముందుది ముందే, వెనకది వెనకే. ఆ క్రమానికే 'కుదురు' అన్నాను.

తెలుగు ఉపాధ్యాయురాలు:
అయితే ఆ మాట అక్కడే ఉండాలి.

డిగ్రీ విద్యార్థిని:
మొదటి పాదం తిరగరాస్తున్నాను టీచర్. ఏడుతో గుణిస్తే 999999 వచ్చింది, ప్రదక్షిణ ఆగి అన్నీ ఒకే అంకె అయ్యాయి. వచ్చే వారానికి ఈ పాదం ఇవ్వవచ్చా?

"ఏడు రెట్లు చేయ నేక మయ్యె"

నిర్వాహకుడు:
ఇచ్చేశాం. ఆదివారం రాత్రి వరకు గడువు.