బాలనాగమ్మ కథ పూర్తిగా ఉన్న పాత పుస్తకం విశాఖలో ఎక్కడ దొరుకుతుంది?

చిన్నప్పుడు ఈ కథంటే నాకు మాయల ఫకీరూ, ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్న వాడి ప్రాణమూ, అంతే. మొన్న మా పాపకి కొన్న పుస్తకంలో మళ్లీ చదివితే (బొమ్మలు మాత్రం బాగున్నాయి) మనసంతా బాలనాగమ్మ మీదే ఉండిపోయింది: భర్త రాయైపోయాడు, తను నోము వంకతో ఫకీరుని ఏళ్ల తరబడి దూరం పెట్టింది, చివరికి విడిపించింది కొడుకు. అన్నాళ్లూ ఆమెను నిలబెట్టింది భర్త మీద ప్రేమా, బిడ్డ మీద ఆశా, లేక ఉత్త మొండితనమా? నాకు మొండితనమే అనిపిస్తోంది, అదీ ప్రేమే కదా అంటారు మా ఆయన. మళ్లీ కలిశాక వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఏ బుర్రకథలోనైనా విన్నారా? ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గానీ పాత పుస్తకాల షాపుల్లో గానీ చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి, ప్లీజ్.