కువైట్‌లో రేపటి నుంచి పూర్తి కర్ఫ్యూ: సరుకులకు ఎలా?

రాజంపేట శీను, ఫర్వానియా (2020 మే 9):
అన్నలూ, కరోనా వల్ల రేపు సాయంత్రం 4 నుంచి నెలాఖరు దాకా 24 గంటల కర్ఫ్యూ అంటున్నారు. గదిలో ఆరుగురం. కంపెనీ జీతం ఆపేసింది. సరుకులకు బయటికి వెళ్లనిస్తారా? ఇక్కడ చిక్కుకున్న మనవాళ్లను ఇండియాకు తీసుకెళ్లే వందే భారత్ విమానంలో నాకు సీటు దొరుకుతుందా?

మహబూలా అన్న:
టెన్షన్ పడకు తమ్ముడూ. మా మహబూలా, జ్లీబ్ ఏరియాలను ఏప్రిల్ మొదట్లోనే మూసేశారు, అప్పటి నుంచి ఇలాగే నెట్టుకొస్తున్నాం. జమియాకు (సరుకుల కోఆపరేటివ్ స్టోర్) వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) నంబరుతో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మాస్కు పెట్టుకుని మీ వీధుల్లో నడవొచ్చు, బండి తీయకూడదు. మిగిలిన కుబూస్ (అరబ్బు రొట్టె) పారేయకండి. చిన్న ముక్కలుగా తుంచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు పోపులో వేసి, నీళ్లు చిలకరించి మూత పెట్టండి. పొద్దున టిఫిన్ అయిపోతుంది. ఎవరికైనా దగ్గు వస్తే మాత్రం దాచొద్దు, ఆరుగురికీ ఒకటే బాత్‌రూమ్ కదా!

సాల్మియా అక్క:
నేను అరబ్బుల ఇంట్లో పని చేస్తున్నా నాయనా. రంజాన్ నెల, వంటగదిలోంచి బయటపడేసరికి అర్ధరాత్రి దాటుతోంది. అయినా అమ్మకు వీడియో కాల్ చేయనిదే పడుకోను. మనం తిన్న కంచం చూపిస్తే చాలు, వాళ్లకు ధైర్యం. నువ్వూ చెయ్యి.

మహబూలా అన్న:
విమానానికి మన ఇండియన్ ఎంబసీ సైట్‌లో పేరు నమోదు చేసుకో. గర్భిణులు, పెద్దవాళ్లు, అత్యవసరం ఉన్నవాళ్లే ముందు. టికెట్ డబ్బు మనదే, ఇప్పటి నుంచే పక్కన పెట్టుకో.