పడ్డ పిల్లాడికి తుంటి కీలు జారిందేమో?

ప్రశ్న (పీహెచ్‌సీ నర్సు, టెక్కలి వైపు): నాలుగేళ్ల బాబు అరుగు మీంచి పడ్డాడు. కుడికాలు మడిచి లోపలికి తిప్పుకుని ఉన్నాడు, పొట్టిగా కనిపిస్తోంది. ఇంత చిన్న దెబ్బకే కీలు జారుతుందా? ఇంట్లోవాళ్లేమో నాటు కట్టుకి తీసుకెళ్తామంటున్నారు.

జవాబు 1: జారుతుందండీ. ఈ వయసులో లిగమెంట్లు వదులు, కీలు గిన్నెలో చాలాభాగం ఇంకా మెత్తటి మృదులాస్థే. మీరు చెప్పిన వాలకం వెనక్కి జారినదానిదే. ఎవర్నీ లాగనివ్వొద్దు. కాలు ఉన్నట్టే ఉంచి కింద దిండు పెట్టి, 108లో శ్రీకాకుళం పంపండి. మత్తివ్వాలి కనక పాలూ బిస్కెట్లూ వద్దు. పాదం పైకెత్తుతున్నాడో లేదో (తుంటి వెనక నుంచి కాల్లోకి దిగే సయాటిక్ నరం దెబ్బతిందేమో తెలియడానికి), పడ్డ టైమెంతో చీటీలో రాయండి.

జవాబు 2: ఆ టైమే ముఖ్యం. 6 గంటలు దాటేకొద్దీ తొడ ఎముక తలకి రక్తం అందక అది దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. నాటు కట్టుతో పోయేది ఆ గంటలే.

జవాబు 3: జారిన కీలుని తిరిగి గిన్నెలో కూర్చోబెట్టాక ఎక్స్‌రేలో రెండు తుంటుల కీలు సందూ పోల్చాలి. ఒకవైపు ఎక్కువుంటే లోపల మృదులాస్థి ముక్కో లాబ్రమో (గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి వలయం) ఇరుక్కుందేమో, ఎంఆర్‌ఐ తియ్యాలి. సరిపోతే ఇంత చిన్నవాళ్లకి నడుం నుంచి కాలి మీదికి వేసే పిండికట్టు (స్పైకా), 3-4 వారాలు. తర్వాత కుంటకపోయినా ఆ ఎముక తల దెబ్బతిందేమో చూడ్డానికి కనీసం రెండేళ్లు ఎక్స్‌రేలు మానొద్దు.