పచ్చసొన పారేయాలా, తినాలా? నాన్నగారి రిపోర్టు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇదే గొడవ

పర్లాకిమిడి అబ్బాయి
అందరికీ నమస్కారం. మాది ఒడిశా, గజపతి జిల్లా పర్లాకిమిడి. నాన్నగారికి 61 ఏళ్లు. పోయిన నెల బరంపురంలో రక్త పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్, 168 వచ్చింది. డాక్టరుగారు ఒక మాత్ర రాసి, "పచ్చసొన మానెయ్యండి" అన్నారు. మర్నాటి నుంచి అమ్మ రోజూ నాలుగు గుడ్లు ఉడకబెట్టి, దారంతో మధ్యకి కోసి, పచ్చది వేలితో తీసేసి, తెల్లది మాత్రం ఆయన పళ్లెంలో పెడుతోంది. ఆయనేమో మిరియాల పొడి జల్లుకుని రబ్బరు నమిలినట్టు నములుతూ మమ్మల్ని తిడుతుంటారు.

తమ్ముడు జిమ్‌కి వెళ్తాడు. "అసలు బలమంతా పచ్చసొనలోనే ఉంది, మీరు పిచ్చిపని చేస్తున్నారు" అంటాడు. యూట్యూబ్‌లో ఒకాయన రోజుకి ఆరు తినమంటాడు, ఇంకొకాయన గుడ్డు విషమంటాడు. ఎవరి మాట నమ్మాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ట్రేల వ్యాపారి, బరంపురం
బాబూ, నేను పాతికేళ్లుగా గుడ్లు అమ్ముతున్నాను. రోజూ మూడు తింటాను, సొనతో సహా. 57 ఏళ్లు, ఈరోజుకీ ట్రేల కట్ట నేనే దింపుకుంటాను. పచ్చసొన తీసేసిన గుడ్డు తాలింపు లేని పప్పులాంటిది. మీ నాన్నగారికి హాయిగా పెట్టండి.

లెక్కల మాస్టారు, గుణుపురం
వ్యాపారిగారూ, మీరు బాగున్నారు, సంతోషం. రోజుకి రెండు పెట్టెల బీడీలు కాల్చి తొంభై ఏళ్లు బతికిన తాతలు మా వీధిలోనూ ఉన్నారు. ఒక్క మనిషిని చూపించి లెక్క తేల్చకూడదు.

ఈ గొడవ పాతదే. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకి 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ మించొద్దనీ, వారానికి మూడు పచ్చసొనలు దాటొద్దనీ చెప్పింది. ఒక్క గుడ్డులోనే సుమారు 186 మిల్లీగ్రాములు, అదీ మొత్తం పచ్చసొనలోనే ఉంటుంది. దాంతో గుడ్డు దోషి అయిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, మన ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయమే తయారు చేసుకుంటుంది. తిండితో ఎక్కువ వస్తే చాలామందిలో అది తన పని తగ్గించుకుంటుంది. అందుకే 2015 అమెరికా ఆహార సూచనల్లో ఆ 300 అంకె తీసేశారు.

అలాగని తలుపులు బార్లా తెరవలేదు. 2019లో అక్కడి ఆరు అధ్యయనాలు, సుమారు 29,600 మంది లెక్కలు కలిపి చూస్తే, రోజుకి అర గుడ్డు పెరిగితే గుండె జబ్బు ముప్పు 6 శాతం ఎక్కువ కనిపించింది. మరుసటి ఏడాదే హార్వర్డ్ వాళ్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రోజుకి ఒక గుడ్డు వరకు ముప్పు పెరగలేదని, ఆసియా దేశాల్లో కాస్త తగ్గిందని కూడా రాశారు. ఇవన్నీ మనుషుల్ని దూరం నుంచి గమనించిన లెక్కలు. గుడ్డు తిన్నవాడు దాని పక్కన ఏం తిన్నాడు, సిగరెట్టు తాగాడా, పొద్దున నడిచాడా అన్నవి పూర్తిగా విడదీయలేం.

ట్రేల వ్యాపారి, బరంపురం
మాస్టారూ, రెండు వైపులా చెప్పి తప్పుకున్నారు. ఆయన అడిగింది తినాలా వద్దా అని.

లెక్కల మాస్టారు, గుణుపురం
తప్పుకోలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి రోజుకి ఒక పూర్తి గుడ్డు, సొనతో. దానికి భయం అక్కర్లేదు. ఎల్‌డీఎల్ 168 ఉన్నాయన ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్కలోకి రాడు. అదీ నా జవాబు.

చోళ్ల అంబలి
నేను శాకాహారిని, కోరాపుట్‌లో ఉంటాను. గుడ్డు లేకపోతే మనిషి బతకడన్నట్టు మాట్లాడుతున్నారు. వంద గ్రాముల చోళ్లలో, అదే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. గుడ్డు మొత్తం ఒలిచి చూసినా పాతిక, ముప్పై దాటదు. పీచు అసలే లేదు, సి విటమిన్ సున్నా. మా అమ్మమ్మ అంబలి తాగి వరినాట్లు వేసింది.

ట్రేల వ్యాపారి, బరంపురం
గుడ్డు పెంకు నమలండి, కాల్షియం దొరుకుతుంది 😄

సిస్టర్, రాయగడ
వెటకారం వద్దు, ఆయన కాల్షియం మాట నిజమే. అయితే చోళ్లలో బి12 ఉండదు. శాకాహారులు పాలు, పెరుగు తప్పకుండా చూసుకోవాలి. గుడ్డు మాంసకృత్తులు ఒంటికి బాగా పట్టినట్టు చోళ్లవి పట్టవు. పక్కన పప్పు ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. శాకాహారం తప్పు కాదు, దానికి కొంచెం లెక్క కావాలి, అంతే.

పర్లాకిమిడి బాబూ, ఇరవై రెండేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. మిమ్మల్ని రెండే అడుగుతాను.
ఒకటి, డాక్టరుగారు రాసిన మాత్ర నాన్నగారు రోజూ వేసుకుంటున్నారా?
రెండు, అమ్మగారు తీసేసిన ఆ నాలుగు పచ్చసొనలు ఎక్కడికి పోతున్నాయి?

పర్లాకిమిడి అబ్బాయి
సిస్టర్ గారూ, మీ రెండు ప్రశ్నలకీ ఇంట్లో సిగ్గుపడాల్సి వచ్చింది.

మాత్ర సంగతి ముందు. షీటు తీసి చూశాను. పదిహేను మాత్రల్లో పద్నాలుగు అలాగే ఉన్నాయి. అడిగితే, "పచ్చసొన మానేశాను కదరా, ఇంకా మాత్ర ఎందుకు?" అన్నారు. ఆయన దృష్టిలో ఆ తెల్లసొనే మందు!

రెండోది. కుక్కకి పెడుతోందనుకున్నాను. నిన్న ఉదయం వంటింట్లోకి వెళ్తే, అమ్మ పీట మీద కూర్చుని చల్దన్నంలో ఆ నాలుగు సొనలూ చిదిపి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తింటోంది. "ఎంత ఖరీదు పెట్టి కొన్నాం, పారేస్తే పాపం కాదూ" అంది. నెల రోజులుగా ఇదే అట. అమ్మకి 56, ఆరేళ్లుగా సుగర్. కొలెస్ట్రాల్ ఎప్పుడూ చూపించుకోలేదు. ఆమెని అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

సిస్టర్, రాయగడ
అనుకున్నాను. వార్డులో కూడా ఇదే చూస్తుంటాం. మగవాళ్ల పళ్లెంలోంచి తీసినది ఆడవాళ్ల పళ్లెంలోకి చేరుతుంది. చద్దన్నం, మాడిన అట్టు, చివరి చేప ముక్క తోక, ఇప్పుడు పచ్చసొన కూడా.

నాలుగు సొనలంటే రోజుకి సుమారు 740 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, 18 గ్రాముల కొవ్వు. పైగా సుగర్. సుగర్ ఉన్నవాళ్లకి గుడ్లు ఎక్కువైతే గుండెకి ముప్పు పెరిగిందని కొన్ని అమెరికా అధ్యయనాల్లో వచ్చింది.

నాన్నగారి సంగతి. తెల్లసొన తప్పేం కాదు, నాలుగింటిలో 14 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కానీ ఆ మాత్ర ఎల్‌డీఎల్‌ని తగ్గించినంతగా గుడ్డు మానడం తగ్గించదు. డాక్టరుగారు రెండూ చెప్పారు, ఆయన తేలికైనది ఏరుకున్నారు. ఈ రాత్రే మాత్ర మొదలుపెట్టమనండి. ఇన్నాళ్లు వేసుకోలేదని డాక్టరుగారికి కూడా చెప్పండి, దాచొద్దు.

లెక్కల మాస్టారు, గుణుపురం
సిస్టర్ చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ఆస్ట్రేలియాలో టైప్ 2 సుగర్ ఉన్నవాళ్లకి మూడు నెలలపాటు వారానికి 12 గుడ్లు పెట్టి చూస్తే కొలెస్ట్రాల్ పాడవలేదు. అయితే వాళ్లకి వెన్న లాంటి కొవ్వులు తగ్గించి మంచి నూనెలు వాడమని సలహా కూడా ఇచ్చారు. మీ అమ్మగారిది వారానికి 28 సొనల లెక్క. ఆ అధ్యయనం ఆమెకి అండగా నిలబడదు.

కాశీనగర్ కోడలు
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నాది వేరే బాధ. పాపకి పది నెలలు. గుడ్డు పెడదామంటే మా అత్తగారు "వేడి చేస్తుంది, గడ్డలు లేస్తాయి, ఏడాదిన్నర దాకా వద్దు" అంటారు. పుట్టింటి వాళ్లది శ్రీకాకుళం వైపు, మా అమ్మ పెట్టమంటుంది. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను, ఒకటే టెన్షన్.

సిస్టర్, రాయగడ
అమ్మా, ఆరు నెలలు నిండాక గుడ్డు పెట్టొచ్చు. గట్టిగా ఉడికించి, సొన, తెల్లది రెండూ మెత్తగా చిదిపి, మొదటి రోజు బఠాణీ గింజంత. ఆ రోజు ఇంకే కొత్త పదార్థమూ వద్దు. దద్దుర్లు, వాంతి, పెదవుల వాపు కనిపిస్తే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోతే మెల్లగా పెంచండి. సగం ఉడికినది మాత్రం పెట్టకండి, సాల్మొనెల్లా అనే క్రిమి పిల్లల్ని బాగా ఇబ్బంది పెడుతుంది.

ఇక వేడి సంగతి. అత్తగారితో వాదించొద్దు. "సాయంత్రం వద్దులెండి, పొద్దున చల్లపూట పెడతాను" అనండి. నేను మా అత్తగారి దగ్గర ఇలాగే గట్టెక్కాను.

ట్రేల వ్యాపారి, బరంపురం
వేడి అనే మాట వల్ల మే నెలలో నా అమ్మకం పడిపోతుంది. కార్తీకంలో సరేసరి, కొట్టు తెరిచి ఈగలు తోలుకోవడమే. పున్నమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి, అంటే కార్తీక నియమం వదిలి నీచు తినే రోజు, ఆ రోజు మళ్లీ అందరూ విరగబడతారు. ఆంధ్రా లారీలు రెండు రోజులు ఆగితే ఇక్కడ రేటు ఎగురుతుంది.

ఎలాగూ నిజాలు మాట్లాడుకుంటున్నాం, నా రహస్యం ఒకటి చెప్తాను. ఎర్ర పెంకు గుడ్డుకి ఎక్కువ తీసుకుంటాం. అది కోడి జాతి రంగు, అంతే. లోపలి సరుకు ఒకటే.

చోళ్ల అంబలి
పెద్దవాళ్ల పచ్చసొన గురించి ఇంత రాశారు. స్కూలు పిల్లల సంగతి? మా వైపు మధ్యాహ్న భోజనంలో వారానికి రెండు రోజులు గుడ్డు. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే ఐదు రోజులు. గుడ్డు తినని పిల్లలకి దానికి సమానమైనది అందుతోందా అన్నదే నా ప్రశ్న. మిగతావాళ్ల గుడ్డు ఆపమని నేను అనను.

గోదారి ఒడ్డు, సిరోంచ
మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగే. మా దగ్గర 2023 చివర్లో బడిపిల్లలకి వారానికి ఒక గుడ్డు మొదలైంది. 2025 జనవరిలో దానికిచ్చే డబ్బు ప్రభుత్వం ఆపేసింది. మా మేనకోడలు ఇంట్లో గుడ్డు తినేది పండగలకే. బడిలో పెట్టే రోజున మాత్రం జ్వరమొచ్చినా వెళ్తానని మారాం చేసేది. పచ్చసొన పారేసే ఇళ్లు ఉన్నాయని ఆ పిల్లకి చెప్తే నవ్వుతుంది.

పర్లాకిమిడి తమ్ముడు
నేనే, ఆ జిమ్ తమ్ముణ్ని. అన్నయ్య నా పరువు తీశాడు. పాలల్లో పచ్చి గుడ్లు కొట్టుకుని తాగుతాను, బలమని. తప్పా?

లెక్కల మాస్టారు, గుణుపురం
తప్పు అనను, నష్టం బాబూ. ఉడికించిన గుడ్డులోని మాంసకృత్తులు 90 శాతం దాకా అరుగుతాయి. పచ్చిది సగమే. నువ్వు నాలుగు తాగితే ఒంటికి పట్టేది రెండే. పైగా పచ్చి తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ని ఒంటికి అందకుండా పట్టేసుకుంటుంది. ఉడికించు, డబ్బు కలిసొస్తుంది.

సిస్టర్, రాయగడ
అందరికీ ఒక మాట. గుడ్డు కంటే అది వేగే నూనె చూడండి. బండి మీద ఎగ్ చాప్ చేసే మూకుడులో పొద్దుటి నూనే రాత్రి దాకా మరుగుతూ ఉంటుంది. నాన్నగారు ఇంట్లో తెల్లసొన తిని, సాయంత్రం బజార్లో రెండు చాపులు లాగిస్తే ఎల్‌డీఎల్ ఎందుకు దిగుతుంది? అడగండి ఆయన్ని.

పర్లాకిమిడి అబ్బాయి
అడిగాను. "వారానికి రెండు మూడుసార్లే" అన్నారు. అంటే రోజూ అని మా ఇంటి భాష.

ఇంట్లో కొత్త ఏర్పాటు ఇది. నాన్నగారు రాత్రి నా కళ్లముందే మాత్ర వేసుకోవాలి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. అప్పటిదాకా ఆయనకి పప్పు, చేప, రోజుకి రెండు తెల్లసొనలు. ఆ రెండు సొనల్లో ఒకటి తమ్ముడి ఆమ్లెట్‌లోకి, రెండోది పక్కింటి మూడేళ్ల బాబుకి. అమ్మకి రోజు విడిచి రోజు ఒక పూర్తి గుడ్డు, అదీ వేడివేడిగా ముందు ఆమె పళ్లెంలో. చల్దన్నం వదలనంది, అది మాత్రం నా తరం కాలేదు.

పరీక్షకి రమ్మంటే, "కార్తీకం వస్తోంది, ఎలాగూ నెలంతా నీచు ముట్టను, అయ్యాక చూద్దాం" అంటోంది.

సిస్టర్, రాయగడ
కార్తీకం అయ్యాక కాదు, ఈ వారమే. మూడు నెలల సుగర్ సగటు చూసే పరీక్షకి పరగడుపు కూడా అక్కర్లేదు. టిఫిన్ తినిపించే తీసుకెళ్లండి.

పర్లాకిమిడి అబ్బాయి
శనివారం తీసుకెళ్తున్నాను. ఒట్టు.

ట్రేల వ్యాపారి, బరంపురం
నెలకి నాలుగు ట్రేలు కొనే ఇంటిని రెండున్నరకి దింపారు. బాగుంది మీ చర్చ. ఆ ఒకటిన్నర ట్రే నేను ఎవరికి అమ్మాలి?