విశాఖ నుంచి ఫ్లైట్‌లో డ్రోన్, బ్యాటరీలు: ఏది చేతిలో, ఏది లగేజీలో?

సిక్కోలు_ఫ్రేమ్స్:
అందరికీ నమస్తే. వచ్చే నెల జైపూర్‌లో పెళ్లి షూట్. శ్రీకాకుళం నుంచి విశాఖ వరకూ కారు, అక్కడి నుంచి హైదరాబాద్ మీదుగా ఫ్లైట్. సామాను ఇదీ: డీజేఐ కంపెనీ డ్రోన్లు రెండు. మావిక్ 3, దానికి మూడు బ్యాటరీలు. మినీ 4 ప్రో, దానికీ మూడు. కళ్లద్దాల్లో చూస్తూ నడిపే ఎఫ్‌పీవీ డ్రోన్‌కి లైపో (లిథియం పాలిమర్) ప్యాకులు నాలుగు (6ఎస్, అంటే ఆరు సెల్స్, 1300 ఎంఏహెచ్). 20000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ ఒకటి, లైట్లకి వీ-మౌంట్ బ్యాటరీలు రెండు. ఇవి కాక మా మావయ్య గారి పొలానికి మందు కొట్టే డ్రోన్ బ్యాటరీ (6ఎస్, 16000 ఎంఏహెచ్) హైదరాబాద్‌లో సర్వీసుకి ఇవ్వాలి. పవర్‌బ్యాంక్ కంటే దాని ఎంఏహెచ్ తక్కువే కదా, వెళ్లిపోతుందా? అసలు ఏది ఎందులో పెట్టాలి?

నాగావళి_ఫ్లయర్:
ముందు ఎంఏహెచ్ లెక్క పక్కన పెట్టండి. విమానం వాళ్లు చూసేది వాట్-అవర్లు. ఓల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తుంది. 1000 ఎంఏహెచ్ అంటే ఒక ఆంపియర్-అవర్.

మావిక్ 3 ది 77. మినీ 4 ప్రో మామూలు బ్యాటరీ 19 లోపు. మీ లైపోల్లో ఆరు సెల్స్, సెల్‌కి 3.7 చొప్పున 22.2 ఓల్టులు. 22.2 × 1.3, అంటే 29 లోపు. పవర్‌బ్యాంక్ 20 × 3.7, అంటే 74. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బయటికి ఇచ్చేది 5 ఓల్టులని దాంతో గుణించి 100 వచ్చిందని కంగారు పడతారు. లోపలి సెల్ 3.7 ఓల్టులే, దాన్నే పట్టుకోవాలి.

100 వరకూ ఎవరి అనుమతీ అక్కర్లేదు. 100 దాటి 160 లోపు అయితే ఎయిర్‌లైన్ ముందే ఒప్పుకోవాలి, విడి బ్యాటరీలు మనిషికి రెండే. వీ-మౌంట్లు 95 రకమైతే చింత లేదు. 150 ప్రాంతం రకమైతే టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు ప్రింట్ తీసుకోండి. 160 దాటితే ప్రయాణికుడి బ్యాగు ఏదైనా కుదరదు.

విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంక్ అన్నీ చేతి సంచిలోనే. 100 లోపువైనా మనిషికి 20 దాటకూడదన్నది ఐయాటా (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) లెక్క. కొన్ని ఎయిర్‌లైన్లు ఇంకా తగ్గిస్తాయి, వాళ్ల పేజీ చూసుకోండి.

బొబ్బిలి_కుర్రాడు:
చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెడితే ఎవరు చూస్తారండీ? అంత హడావుడి ఏటి?

నాగావళి_ఫ్లయర్:
స్కానింగ్‌లో దొరుకుతుంది తమ్ముడూ. దొరికితే మిమ్మల్ని పిలిచి బ్యాగు విప్పిస్తారు. మీరు అందకపోతే బ్యాగు ఇక్కడే దిగిపోతుంది. అయినా అసలు సంగతి అది కాదు. ఒక సెల్ వేడెక్కి పగిలితే ఆ వేడి పక్క సెల్‌ని లేపుతుంది, అది ఇంకో దాన్ని. కింద సామాను పెట్టే హోల్డులో చల్లే హాలాన్ వాయువు మంటను అణుస్తుంది గానీ సెల్ లోపలి వేడిని ఆపదు. పైన క్యాబిన్‌లో అయితే పొగ రాగానే కనపడుతుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లబరుస్తారు. అందుకే మనిషి దగ్గర ఉండమనేది.

విజీనగరం_కోట:
ప్యాకింగ్ సంగతి నేను చెబుతాను.

లైపోలు ఫుల్ చార్జింగ్‌తో తీసుకెళ్లకండి. సెల్‌కి 3.8 ఓల్టులకి దించండి, 6ఎస్‌కి మొత్తం 22.8 చూపించాలి. డీజేఐ వాటికి నాలుగు లైట్లలో రెండు వెలిగితే చాలు. లైపోకి పెద్ద ఎక్స్‌టీ60 కనెక్టర్ మీద మూత పెట్టి ఊరుకుంటారు. పక్కనే సన్నటి తెల్ల బ్యాలెన్స్ ప్లగ్ తెరిచే ఉంటుంది, దాని మీద కూడా టేప్ చుట్టాలి. తాళంచెవి తగిలి షార్ట్ అయ్యేది అక్కడే. లేబుల్ చెరిగిన ప్యాకు ఇంట్లో వదిలేయండి, ఓల్టులు కనపడకపోతే అక్కడ వాదించి లాభం లేదు.

ఉబ్బిన బ్యాటరీ అస్సలు వద్దు. అద్దం బల్ల మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కండి, ఊగిందంటే ఉబ్బినట్టే.

బ్యాటరీలన్నీ ఒకే చిన్న సంచిలో, బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టండి. ఏటీఆర్ లాంటి చిన్న విమానమైతే పైన అరల్లో చోటు లేదని గేటు దగ్గరే బ్యాగు తీసుకుని కింద వేస్తారు. అప్పుడు ఆ సంచి లాగి చేత్తో పట్టుకోవాలి. అడుగున ఉంటే వెనక లైనంతా తిట్టుకుంటుంది. సెక్యూరిటీ ట్రేలో ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పరవండి.

డ్రోన్ బాడీ చేతిలో అనుమతించడం ఎయిర్‌లైన్‌ని బట్టి ఉంటుంది. బ్యాటరీ తీసేసి గట్టి పెట్టెలో చెక్-ఇన్‌కి సిద్ధంగా పెట్టుకోండి. కెమెరాని పట్టుకునే గింబల్‌కి క్లాంప్ మరిచిపోవద్దు. స్క్రూడ్రైవర్లు చెక్-ఇన్‌లో, రిమోట్ చేతిలో.

ఇంకోటి. పెళ్లి షూట్ అంటే వ్యాపారం. మావిక్ 3 బరువు 895 గ్రాములు, మైక్రో తరగతి, కాబట్టి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మినీ 250 లోపు కాబట్టి నానో, దానికి అక్కర్లేదు. కానీ దాని పెద్ద ప్లస్ బ్యాటరీ వేశారంటే 250 దాటిపోతుంది. జైపూర్‌లో మండపం ఎయిర్‌పోర్టుకి 8 కిలోమీటర్ల లోపు ఉంటే అనుమతి లేకుండా నేల నుంచి లేపకూడదు. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ముందే చూసుకోండి.

సోంపేట_గల్ఫ్:
మా బావ కువైట్ నుంచి వస్తూ డ్రోన్ తెస్తానంటున్నాడు. బ్యాటరీలు చేత్తో తెస్తే చాలా?

నాగావళి_ఫ్లయర్:
బ్యాటరీ దాకా రానే రాదు. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకే మినహాయింపు, దానికీ అనుమతి కావాలి. డ్రోన్ మొత్తాన్ని విడదీసి తెచ్చినా అదే. విడి భాగాలకి ఆ నిషేధం లేదు. బావగారిని ఆ డబ్బుతో వేరేది కొనమనండి.

సిక్కోలు_ఫ్రేమ్స్:
చాలా థ్యాంక్స్ అండి. మరి మావయ్య గారిది?

నాగావళి_ఫ్లయర్:
22.2 × 16, అంటే 355 వాట్-అవర్లు. మీ పవర్‌బ్యాంక్‌కి దాదాపు అయిదు రెట్లు. ప్రయాణికుల విమానంలో కార్గోగా కూడా విడి లిథియం-అయాన్ బ్యాటరీలు 2016 ఏప్రిల్ నుంచి ఎక్కించడం లేదు. రోడ్డు మీదే పంపాలి, ట్రాన్స్‌పోర్టు వాళ్లకి లోపల ఏముందో చెప్పి మరీ. మోటారు, పంపు, నాజిళ్లు అయితే ఫ్లైట్‌లో వెళ్తాయి. కాకపోతే పురుగుమందు కూడా విమానంలో నిషేధమే. పంపు, పైపులు సబ్బు నీళ్లతో మూడు నాలుగు సార్లు కడిగి, వాసన లేకుండా ఎండబెట్టాకే సర్దండి.